ఎడమకు తిరగని పెదనాన్న

మా పెదనాన్న ఎల్ఫేజ్ పడవను ట్రెయిలర్ మీద పెట్టి ట్రక్కుకు తగిలించాడంటే ఇక ఎడమకు తిరగడు. కుడికి ఎన్నిసార్లయినా తిరుగుతాడు. మా గేటు దాటి ఎడమకు తిరిగితే పెట్రోలు బంకు కనబడుతూనే ఉంటుంది. పెదనాన్న మాత్రం కుడికి తిరిగి, ఎగువ వంతెన మీదుగా మా ఊరి మెల్లని ఏరు బాయూను దాటి, అవతలి ఒడ్డున దిగువకు వచ్చి, ఇంకో వంతెన మీద మళ్లీ ఇవతలికి దాటి ఆ బంకుకు చేరతాడు. చేరేసరికి పెట్రోలు నిజంగానే అవసరమవుతుంది.

కారణం ట్రెయిలర్ బ్రేకులు. ట్రక్కులో పెడల్ తొక్కితే తీగ వెంట కరెంటు వెనక్కి వెళ్లాలి. ట్రెయిలర్ ముందు భాగాన ఉన్న పెట్టెలో చిన్న మోటారు తిరిగి బ్రేకు నూనెను గొట్టాల్లోకి నెట్టాలి. అప్పుడు చక్రాలు ఆగాలి. మా ట్రెయిలర్‌లో ఇది ఒకసారి జరుగుతుంది, ఇంకోసారి జరగదు. కానీ ఎడమ ఇండికేటర్ వేస్తే మాత్రం తప్పకుండా జరుగుతుంది. లైటు వెలిగినప్పుడల్లా బ్రేకులు పడతాయి, ఆరినప్పుడల్లా వదులుతాయి. ట్రెయిలర్ మీద ఉన్న అంత పెద్ద రొయ్యల పడవ ముక్కు వంచుతుంది, ఎత్తుతుంది, మళ్లీ వంచుతుంది. వెనక కార్లలో వాళ్లు మొదట్లో హారన్లు కొట్టేవారు. తర్వాత తర్వాత తిరిగి నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు.

ఇండికేటర్ వేయకుండా ఎడమకు తిరగొచ్చు కదా అని ఎవరైనా అడిగితే, వాళ్లకు మా పెదనాన్న తెలియదన్నమాట. ఆయన స్కూలు బస్సు నడిపి రిటైరయిన మనిషి. సిగ్నల్ ఇవ్వకుండా జీవితంలో మలుపు తిరగలేదు. పెరట్లో గడ్డి కోసే బండి మీద కూర్చున్నా చెయ్యి చాపుతాడు, వెనక కోళ్లు తప్ప ఎవరూ లేకపోయినా.

"పెళ్లిరోజున చర్చిలో పీఠం దగ్గర్నించి వెనక్కి తిరిగేటప్పుడు కూడా చెయ్యి చాపాడే," అంటుంది మా పెద్దమ్మ వెర్నీస్. "మా చెల్లి ముక్కు పగిలింది. ఫొటోల్లో అందరూ నవ్వుతుంటారు, అదొక్కతే గుడ్డ అడ్డం పెట్టుకుని ఉంటది."

ఆ పడవ మా నాన్నది. ఆయన పేరు లూసియాన్, పెదనాన్నకు తమ్ముడు. నా చిన్నప్పుడు ఒక రోజు రొయ్యలకు వెళ్లాడు. పడవ దొరికింది, నాన్న దొరకలేదు. అందుకని మాకు సమాధి లేదు. ఏటా వసంతంలో పడవల ఆశీర్వాదం జరిగినప్పుడు, ముందు నడిచే పడవలో ఫాదర్ గారు నిలబడి, బాయూ సముద్రపు పాయలో కలిసే చోట, నీళ్లలో పోయినవాళ్ల కోసం ఒక పూలచక్రం వదులుతారు. మాకున్న సమాధి అదే. ఆ పూలచక్రం ఒక్కసారైనా నాన్న పడవలోంచి నీళ్లలోకి జారాలని పెదనాన్న కోరిక. ముందు పడవ ఎవరిదో చీట్లు తీసి తేలుస్తారు. ఏటా చీటీ వేసేవాడు, ఏటా ఇంకొకరి పేరు వచ్చేది.

ఈసారి ఫాదర్ న్యాన్ రొయ్యలవాళ్లు తొడిగే తెల్ల రబ్బరు బూటులో చెయ్యి పెట్టి చీటీ తీసి, "ఎల్ఫేజ్ తెరియో," అని చదివారు. పెదనాన్న లేవలేదు. పక్కనున్న పెద్దమ్మ మోచేత్తో పొడిచింది.

"లేవయ్యా. నీ పేరే."

"ఎడమవైపు కదే," అన్నాడు పెదనాన్న నీరసంగా.

సంగతేమిటంటే, ఏటా మేము ఎగువ రేవులో పడవను నీళ్లలోకి దింపి, బాయూ వెంట చర్చి దాకా వచ్చేవాళ్లం. ఈ ఏడు తుఫానుకు పాడైన వరద తలుపులు బాగుచేస్తూ బాయూను మధ్యలో మూసేశారు. పడవ చర్చి పక్కనున్న దిగువ రేవులోనే దిగాలి. ఆ రేవుకు ఎత్తు వంతెన మీదుగా వెళ్లాలి. వంతెన దిగాక కుడివైపు రోడ్డు లేదు, అది కూడా తుఫానుకే పోయింది. ఉన్నది ఎడమ మలుపు ఒక్కటే. ఆదివారం పూజ మొదలయ్యేలోగా పడవ నీళ్లలో లేకపోతే ఫాదర్ గారు, పూలచక్రం, అన్నీ రెండో చీటీ వచ్చినవాడి పడవలోకి వెళ్తాయి. రెండో చీటీ క్లోవిస్ పిట్రేది.

క్లోవిస్ మంచివాడే. పెదనాన్న చీటీ వచ్చిందని తెలిసి మరునాడే సాసేజి పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. వచ్చి ట్రెయిలర్ చుట్టూ తిరిగాడు.

"అన్నా, ఆ ఎడమ లైటు పీకి పారెయ్. పీడా పోద్ది."

"లైటు లేకుండా తిప్పితే వెనకోడికి ఎలా తెలుస్తాది?"

"వెనక నేనే వస్తా. నాకు తెలుసుగా నువ్వు తిరుగుతావని."

"నీకు తెలుసని నాకెలా తెలుస్తాది?"

క్లోవిస్ తెచ్చిన సాసేజి తనే తిని వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున్నే ట్రక్కును, ట్రెయిలర్‌ను, పడవను ట్విలా షాపుకు తీసుకెళ్లాం. నేను చదువు మానేసినప్పటి నుంచి పెదనాన్న పక్క సీటు నాదే. కుడి మలుపులే తీసుకుంటూ వెళ్లాం కాబట్టి చాలా ఊళ్లు చూశాం. ట్విలా ట్రెయిలర్లు బాగుచేస్తుంది. పొడుగు మనిషి, మాట్లాడితే బాయూ అవతలి ఒడ్డున కుక్కలు లేస్తాయి. గుల్లల పెంకులు పరిచిన ఆవరణలో మమ్మల్ని ఆపి, ట్రెయిలర్ ఏం చేస్తుందో వినకముందే తేల్చేసింది.

"నూనెలో గాలి చేరింది బాబాయ్. పక్కా."

అన్నిటికన్నా వెనక చక్రం దగ్గర పడుకుని, అక్కడున్న చిన్న మరను వదులు చేసి, దానికి సన్నని గొట్టం తగిలించింది. "ఒడీల్, ఆ పిన్ను లాగు," అని నన్ను కేకేసింది. ట్రెయిలర్ ట్రక్కు నుంచి విడిపోతే ఆ పిన్ను ఊడి, ట్రెయిలర్ మీదున్న సొంత బ్యాటరీతో బ్రేకులు వాటంతట అవే పడతాయి. లాగాను. పెట్టెలో మోటారు చిన్నగా ఏడ్చినట్టు మోగింది. గొట్టంలోంచి నూనె వచ్చింది. ఒక్క బుడగ లేదు.

"అయితే బ్రేకు ప్యాడ్లు అరిగాయి," అంది ట్విలా. చక్రాలు విప్పి చూసింది. ప్యాడ్లు కొత్తవాటిలా ఉన్నాయి. ఎడమకు తిరగనివాడి ప్యాడ్లు ఎందుకు అరుగుతాయి?

"అయితే ట్రక్కులోంచి కరెంటు పంపే బ్రేకు పెట్టెదే తప్పు. దానికి వెనకున్నవి నూనె బ్రేకులని చెప్పాలి. నువ్వేం చెప్పావు బాబాయ్?"

"నేనేం చెప్పలేదు. అదీ నన్నేం అడగలేదు."

ట్విలా ట్రక్కులో దూరి ఏవో మీటలు నొక్కి దాన్ని సరిచేసింది. ఎడమ ఇండికేటర్ వేయించింది. పడవ వంగి లేచింది. షాపు గోడ నీడలో కూర్చున్న ముసలివాళ్లిద్దరు టోపీలు ఎత్తారు.

ట్విలాకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆమె నెమ్మదిగా ఆలోచిస్తుంది. "పిన్ను లాగితే బ్రేకులు పడతన్నాయి. అంటే మోటారు బాగుంది, నూనె బాగుంది, చక్రాలు బాగున్నాయి. ట్రక్కు నుంచి వచ్చే కరెంటే దారి తప్పతంది." మీటరు తెచ్చి ఒక ముల్లు ప్లగ్గులో, ఇంకో ముల్లు ట్రెయిలర్ ఇనుముకు ఆనించింది. మీటరు కదల్లేదు. ఇంకోచోట ఆనించింది. కదల్లేదు. ట్రెయిలర్ పొడవునా, అడుగునా, ఇరుసు మీద ఆనించుకుంటూ వెళ్లింది. చెక్కబల్లకు ఆనించినట్టే ఉంది.

"బాబాయ్, కరెంటు వెనక్కి పోయే ఎర్త్ తీగ బిగించిన బోల్టు ఎక్కడ?"

పెదనాన్న చూపించాడు. బోల్టు కనబడలేదు. అది ఉండాల్సిన చోట ఆకుపచ్చగా, నున్నగా, కోడిగుడ్డంత ఉబ్బు ఉంది.

మా బాయూలో ఆశీర్వాదానికి ముందు పడవకు కొత్త రంగు వేయనివాళ్లు లేరు. అందరూ పాత రంగు గీకి వేస్తారు. పెదనాన్న గీకడు. నిరుటి రంగు మీద ఫాదర్ గారు చల్లిన పవిత్రజలం పడి ఉంటుంది కదా, దాన్ని గీకి నేలపాలు చేస్తే పాపం అంటాడు. కాబట్టి పొర మీద పొర. ఊరేగింపు ఎగువ రేవు దగ్గర ముగిసి అందరూ రొయ్యల పులుసు గంబో తినేటప్పుడు, ఫాదర్ గారు మిగిలిన నీళ్లను అక్కడున్న ట్రక్కుల మీద, ఐసు పెట్టెల మీద, కుక్కల మీద కూడా చల్లేస్తారు. అలా ట్రెయిలర్ కూడా ఆశీర్వాదం పొందింది. దానికీ పొర మీద పొర.

"కరెంటు వస్తంది గానీ వెనక్కి పోయే దారి లేదు," అంది ట్విలా. "ఇనుముకి ఇనుము తగలట్లేదు. అందుకని ఎడమ లైటులోంచి దూరి, మోటారులోంచి దూరి, దొరికిన సందులోంచి పోతంది పాపం." జేబులోంచి గీకుడు కత్తి తీసింది. "ఒక్క నిమిషం పని."

పెదనాన్న టోపీ తీసి బోల్టు మీద కప్పాడు.

"టోపీ తియ్యి బాబాయ్."

"గీకనియ్యను."

"అరచెయ్యంత మేరే!"

"అరచెయ్యంత పాపం."

"కొత్త తీగ వేస్తా పోనీ. కానీ దాని కొసకి కూడా ఎక్కడో ఒకచోట ఇనుము తగలాలి. రంగు వెయ్యని చోటేదన్నా ఉందా?"

పెదనాన్న గర్వంగా తల అడ్డంగా ఊపాడు. "అడుగున కూడా వేశా. పడుకుని వేశా."

ట్విలా కత్తి మడిచి జేబులో పెట్టుకుని, నా వైపు చూసి, "మీ ఇంట్లో అందరూ ఇంతేనా?" అంది. నాకు బోల్టు గీకాలనే ఉంది. నాన్న పూలచక్రం క్లోవిస్ పడవలోకి పోతుందనే దిగులు రంగు మీద నాకున్న భక్తి కన్నా చాలా ఎక్కువ. కానీ పెదనాన్న ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

భోజనాల దగ్గర పెదనాన్న ఒక ఉపాయం చెప్పాడు.

"చేత్తో చూపిస్తా. ఇండికేటర్ వెయ్యను. నా పక్కనున్న ఎడమ కిటికీలోంచి చెయ్యి చాపి ఎడమకి తిప్పేస్తా. చట్టంలో ఉంది."

"ఇన్నేళ్లూ ఈ సంగతి తట్టలేదా?" అంది పెద్దమ్మ.

"తట్టింది. కానీ చెయ్యి తడుస్తదని."

"వానాకాలంలో కదా తడిసేది!"

"మరి వానొస్తదో రాదో ముందే ఎలా తెలుస్తాదే?"

పెద్దమ్మ అన్నం గిన్నె ఆయన ముందుకు నెట్టింది. "నువ్వు రేపు ఆ పడవని నీళ్లలో దించకపోతే, నేను క్లోవిస్ పడవెక్కి లూసియాన్‌కి పూలేసి వస్తా. నువ్వు ఒడ్డున నిలబడి చెయ్యి చాపుకో."

ఆదివారం పొద్దున బయలుదేరాం. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఎడమ చేతి మడత మాత్రం మోచెయ్యి పైదాకా ఎత్తుకున్నాడు. నా ఒళ్లో పూలచక్రం. వెనక సీట్లో పెద్దమ్మ, గంబో గిన్నె. మా వెనక కారులో ట్విలా. ఆమె వెనక బాయూ జనమంతా.

ఎత్తు వంతెన ఎక్కడం బాగానే ఎక్కాం. దిగేటప్పుడు పెదనాన్న పెడల్ తొక్కాడు. ట్రెయిలర్ బ్రేకులు పడలేదు. వెనక నుంచి పడవ మమ్మల్ని తోసింది. ఇంకోసారి తొక్కాడు. ఇంకా గట్టిగా తోసింది. కిందనున్న మలుపు మా వైపు పరుగెత్తుకొస్తోంది.

"పెదనాన్నా, ఇండికేటర్!" అన్నాను.

"చెయ్యి చాపాను కదే!"

"తిరగడానికి కాదు, ఆగడానికి!"

నేను అంత గట్టిగా అరవడం ఆయన ఎప్పుడూ వినలేదు. అందుకేనేమో వెంటనే వేశాడు. ట్రెయిలర్ బ్రేకులు పట్టాయి, వదిలాయి, పట్టాయి, వదిలాయి. పడవ వంగుతూ లేస్తూ, మేము సీట్లలో వంగుతూ లేస్తూ, పెద్దమ్మ గంబో గిన్నెను తిట్టుకుంటూ, వంతెన పొడవునా దిగాం. పక్కదారిలో చర్చికి నడిచి వెళ్తున్న ఆడవాళ్లు ఆగి సిలువ గుర్తు వేసుకున్నారు.

"చూడండర్రా, లూసియాన్ పడవ చర్చికి దణ్ణం పెడతంది!" అని ఎవరో అరిచారు.

వంతెన అడుగున, మలుపు మధ్యలో, ట్రక్కు ఆగింది. పెదనాన్న చెయ్యి ఇంకా బయటే చాపి ఉంది. దాన్ని లోపలికి తీసుకోవడం ఆయన వల్ల కాలేదు. పడవ రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది. ఇటువాళ్లు అటు పోవడానికి లేదు. చర్చికి వెళ్లాల్సిన జనం, పూజలో పాడాల్సినవాళ్లు, క్లోవిస్, అందరూ వంతెన మీదే ఇరుక్కుపోయారు.

ట్విలా దిగి వచ్చింది. "ఇక ఒక్క అడుగు కదలకు. రేవు దీనికన్నా వాలు, పైగా పాచి. ఈ బ్రేకులతో దిగితే పడవా, ట్రక్కూ, నువ్వూ, గంబో, అన్నీ ఒకేసారి నీళ్లలోకి. గీకుతానా, వద్దా?"

"వద్దు."

ఇంతలో చర్చి మెట్లు దిగి ఫాదర్ న్యాన్ పూజ దుస్తులతోనే వచ్చారు. ఆయన చిన్న మనిషి. ఆయన తండ్రి వియత్నాం నుంచి వచ్చి ఇక్కడే రొయ్యలు పట్టాడు, కాబట్టి ట్రెయిలర్ సంగతులు ఆయనకు కొత్త కాదు. ట్విలా చెప్పింది విన్నారు. పెదనాన్న చెప్పింది విన్నారు. ఆకుపచ్చని ఉబ్బు మీద వేలితో కొట్టి చూశారు.

"ఎల్ఫేజ్ గారూ, ట్రెయిలర్‌ని నేనెప్పుడు ఆశీర్వదించాను?"

"మీ చెయ్యి ధారాళం ఫాదర్ గారూ. నిరుడు నా కళ్లజోడు మీద కూడా నీళ్లు పడ్డాయి. అప్పట్నించీ తుడవలేదు."

ఫాదర్ గారు ఆ కళ్లజోడు వైపు కాసేపు చూశారు. "ఆశీర్వాదం రంగుకి కాదండీ, పడవకి."

"నీళ్లు పడింది రంగు మీదే కదా?"

"రంగు మీద పడి లోపలికి దిగుతుంది."

"ఎలా దిగుద్ది?" అంది ట్విలా, ఎవరూ అడగకుండానే. "కరెంటే దిగట్లేదు!"

వంతెన మీద హారన్లు మొదలయ్యాయి. ఫాదర్ గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆయనకు ఏదో తట్టినట్టుంది.

"సరే. మీరన్నట్టే అనుకుందాం. ఆశీర్వాదం రంగులోనే ఆగిపోతుందనుకుందాం. అప్పుడు మొదటి ఏడు వేసిన పొర కింద, చెక్కకి, ఇన్నేళ్లుగా ఏమీ అందలేదన్నమాట. ఆ చెక్కే కదా మీ తమ్ముడి పడవ?"

పెదనాన్న చాపిన చెయ్యి మెల్లగా లోపలికి వచ్చింది. ట్రక్కు దిగి పడవ దగ్గరికి నడిచి, దాని పక్కలను అరచేత్తో తడిమాడు. తర్వాత ట్విలా వైపు తిరిగి కత్తి కోసం చెయ్యి చాపాడు.

"హమ్మయ్య," అంది ట్విలా. "బోల్టు ఇక్కడ బాబాయ్."

పెదనాన్న బోల్టు దగ్గరికి రాలేదు. నిచ్చెన వేసుకుని పడవ ముక్కు దగ్గర మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అని పెద్దమ్మ కిటికీలోంచి అరిచింది.

"మొత్తం గీకేస్తా. చెక్క దాకా. పాపం, ఇన్నేళ్లు వాడికేమీ అందలేదే!"

"మొత్తమా? వంతెన మీదున్న వీళ్లంతా ముసలివాళ్లయిపోతారు!"

ఫాదర్ గారు కూడా కంగారుపడ్డారు. తన మాట ఇంత బాగా పనిచేస్తుందని ఆయన అనుకున్నట్టు లేదు. బతిమాలి, బెదిరించి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పడవ ముక్కు మీద అరచెయ్యంత చోటు చెక్క కనబడేదాకా గీకితే చాలు, అక్కణ్ణుంచి ఆశీర్వాదం పడవంతా పాకుతుంది. "ఖచ్చితంగా పాకుతుందా?" అని పెదనాన్న అడిగాడు. "నా పూచీ," అన్నారు ఫాదర్ గారు. ఈ ఒప్పందం కుదిరే లోపల ట్విలా తన కారులోంచి ఇంకో కత్తి తెచ్చి, కింద కూర్చుని బోల్టు గీకేసింది. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఆకుపచ్చ, తెలుపు, ఆకుపచ్చ, తెలుపు. అన్నిటికన్నా కింద ఇనుము మెరిసింది. తీగ కొస శుభ్రం చేసి బిగించింది. మీటరు ఆనించింది. దాని సూది లేచి కూర్చుంది.

"పెడల్ తొక్కు," అని నాతో అంది. నేను తొక్కాను. మోటారు మోగింది, చక్రాలు పట్టుకున్నాయి. "ఎడమ ఇండికేటర్." వేశాను. లైటు వెలిగి ఆరింది. పడవ కదల్లేదు. వంతెన మీద కొందరికి ఆశ తీరలేదనుకుంటా, "అయ్యో," అన్నారు.

క్లోవిస్ దగ్గరికి వచ్చి పడవ ముక్కు మీద బోడిగా ఉన్న చోటు చూశాడు. "నేను వంతెన మీద ఇరుక్కుని బతికిపోయాను. లేకపోతే అన్న ఈ పడవ మొత్తం నాచేతే గీకించేవాడు," అని తన ట్రక్కులోకి వెళ్లిపోయాడు.

పూజ ఆలస్యంగా మొదలైంది, పడవ అంతకుముందే నీళ్లలో ఉంది. ఊరేగింపులో మేమే ముందు. ఫాదర్ గారు నీళ్లు చల్లినప్పుడల్లా పెదనాన్న, "ముక్కు మీద, ముక్కు మీద," అని గుర్తుచేశాడు. సముద్రపు పాయ దగ్గర ఇంజను ఆపాం. వెనక పడవలన్నీ ఆగాయి. ఫాదర్ గారు ప్రార్థన చదివి నాకు సైగ చేశారు. నాకు అందరి ముందూ ఏ పనీ చేయడం చేతకాదు. పూలచక్రం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెదనాన్న వచ్చి నా చేతుల కింద చేతులు పెట్టాడు. ఇద్దరం కలిసి వంగి, నాన్న పడవ అంచు మీద నుంచి దాన్ని నీళ్లలోకి వదిలాం.

అది తేలింది. పెదనాన్న టోపీ తీశాడు. ఆయన ఏడుస్తాడేమో అనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని, నీళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"లూసియాన్, ఆలస్యమైంది. ట్రెయిలర్ బ్రేకులు. ముందు నూనెలో గాలి చేరిందన్నారు. గాలి లేదు. ట్విలా వెనక చక్రంతో మొదలెట్టింది. వెనకదే ముందు చూడాలి కదా, నువ్వూ అలాగే చేసేవోడివి. మన ఒడీలే పిన్ను లాగింది. తర్వాత ప్యాడ్లన్నారు..."

వెనక పడవల్లో ఎవరో దగ్గారు. ఫాదర్ గారు పుస్తకం మూసి, మళ్లీ తెరిచారు. పెద్దమ్మ పెదనాన్న చొక్కా పట్టుకుని లాగబోయి, వదిలేసి, పక్కనే నిలబడి వినసాగింది. పూలచక్రం మెల్లగా పాయలోకి తిరిగింది. పెదనాన్న దానికి వినబడేలా గొంతు పెంచాడు. ఆయన కథ ఇంకా మీటరు దగ్గరికి కూడా రాలేదు.